నీళ్ళొచ్చాయా? – ఒకవాంగోలో ఏడు రోజులు

ఆకివీడు తిరిగొచ్చి పది రోజులైంది. బూట్లు దులిపితే ఇంకా సన్నటి తెల్ల ఇసక రాలుతోంది. అది రాలడం ఆగిపోయేలోగా రాసేద్దామని కూర్చున్నాను.

మా అక్కా బావగారూ ఆఫ్రికాలో బోట్స్‌వానా రాజధాని గాబరోన్‌లో పంతొమ్మిదేళ్ళుగా ఉంటున్నారు. బావగారిది లెక్కల ఉద్యోగం. "కొల్లేటి ఒడ్డున పుట్టినోడివి, ఎడారిలో నీటి అడవి చూడకుండా పోతావా?" అని రెండేళ్ళుగా పోరుతున్నారు. ఆ నీటి అడవే ఒకవాంగో డెల్టా, కలహారి ఎడారిలో పాయలుగా పరుచుకునే ఏరు. ఈ జూలైలో కుదిరింది. విమానాలూ బుకింగులూ వదిలేసి నేరుగా డెల్టా అంచునున్న మౌన్ ఊరి నుంచి మొదలుపెడతాను.

జూలై 11, మౌన్

రాయడం మౌన్ అని రాసినా అక్కడివాళ్ళు "మా-ఊన్" అని సాగదీసి పలుకుతారు. నా చెవికి మొదటిసారి "మా ఊరు" అనే వినపడింది. ఆ పేరుకి పొట్టి రెల్లు ఉండే చోటు అని అర్థమట. మా కొల్లేట్లో కిక్కిస ఎలాగో వీళ్ళకి ఆ రెల్లు అలాగ. ఊరు మాత్రం చూడ్డానికి ఎండిపోయి ఉంది. తారు రోడ్డు అంచు దాటితే ఇసకే. ఆ ఇసకలో గాడిదలు, మేకలు, వాటి మధ్య సెల్‌ఫోన్ రీచార్జి గుడారాలు. ఇక్కడ జూలై అంటే నడి చలికాలం. ఏప్రిల్ తర్వాత చినుకు పడలేదు.

పొద్దున్నే చలికి వణుకుతూ ఒక బడ్డీ దగ్గరికి వెళ్ళాను. ఒకావిడ నూనె మూకుట్లో పిండి ఉండలు వేస్తోంది. "హౌ మచ్?" అన్నాను. ఆవిడ నా వైపు చూడలేదు. మళ్ళీ అడిగాను. మూకుట్లో ఉండని ఇటు తిప్పింది, అటు తిప్పింది, పలకలేదు. వెనక నుంచి అక్క వచ్చి, "దుమేలా మ్మా" అంది. ఆవిడ మొహం విచ్చుకుంది. "దుమేలా మ్మా, ఎలా ఉన్నారు, ఎలా తెల్లారింది" అన్నీ అయ్యాక అప్పుడు ధర చెప్పింది. ఒక్కోటి రెండు పులాలు, మన లెక్కలో పన్నెండు రూపాయలు. "ఒరేయ్ చిన్నోడా, ఇక్కడ దండం పెట్టకుండా బేరం చేస్తే కుక్క మొరిగినట్టే లెక్క" అంది అక్క. డబ్బిచ్చేటప్పుడు కుడి మోచేతి కింద ఎడమ చెయ్యి ఆనించి ఇవ్వాలని కూడా అప్పుడే నేర్చుకున్నాను. పెద్దవాళ్ళకి రెండు చేతులతో ఇచ్చే మన పద్ధతికి దగ్గరిదే.

ఆ ఉండల పేరు మగ్విన్యా. మైసూరు బజ్జీకి అన్నగారు. కొంచెం తీపి, లోపల గుల్ల. నాలుగు తిన్నాను.

వీళ్ళ డబ్బు పేరు పులా అని చెప్పాను కదా. పులా అంటే వాన. చిల్లర పేరు తెబే, అంటే డాలు. సభల్లో చప్పట్లకి బదులు కూడా "పులా!" అని అరుస్తారు. వానని రూపాయి చేసి జేబులో వేసుకున్న దేశం ఇంకోటి నాకు తెలీదు.

సాయంత్రం తమలకానే ఏటి వంతెన మీదికి వెళ్ళాం. అక్కడ ఊరి జనం ఊరికే నిలబడి కిందికి చూస్తున్నారు. స్కూలు పిల్లలు, ఒక పోలీసు, చంటిపిల్లని వీపున కట్టుకున్న తల్లి. కింద నీళ్ళు. మబ్బు జాడ లేని ఆకాశం కింద, వారానికి వారం పెరుగుతున్న నీళ్ళు. పక్కనున్నాయన బావగారితో "మెత్సీ ఆ త్సిలే" అన్నాడు. నీళ్ళొచ్చాయి అని. ఆ వారం మౌన్‌లో ఎవరు ఎవరిని పలకరించినా, కుశలాలయ్యాక రెండో మాట అదే.

ఆ నీళ్ళు ఇక్కడివి కావు. అంగోలా ఎత్తుల మీద జనవరి, ఫిబ్రవరుల్లో పడ్డ వాన అది. కుబాంగో, కుయిటో అనే రెండు నదులుగా బయల్దేరి, కలిసి, నమీబియా ముక్కని దాటి మోహెంబో దగ్గర బోట్స్‌వానాలో అడుగుపెడుతుంది. అక్కణ్ణుంచి విసనకర్రలా విచ్చుకుని కలహారి ఇసకలో పరుచుకుంటుంది. సముద్రం మొహం చూడదు. డెల్టా నిలువునా ఇంచుమించు 250 కిలోమీటర్లు ఉంటే వాలు అంతా కలిపి అరవై మీటర్ల పైచిలుకు. అందుకని ఆ పై చివర నుంచి మౌన్ దాకా రావడానికే నీటికి నెలలు పడుతుంది. మన గోదారికి శ్రావణంలో వరదొస్తే, వీళ్ళకి ఎండి బీటలువారిన కాలంలో వరదొస్తుంది. జంతువులన్నీ అప్పుడే ఇటు చేరతాయి. ఒకవాంగో కిటుకంతా ఈ ఆలస్యంలోనే ఉంది.

జూలై 12, బోరో

దోనె ఎక్కే చోటుకి వెళ్ళడంలో దారి తప్పాం. ఇసకలో బళ్ళ జాడలు ఏడెనిమిది పాయలుగా చీలిపోయాయి. బావగారు "ఎడమ" అన్నారు, అక్క "కుడి" అంది, బండి మధ్యలో దిగబడింది. గంటసేపు చేతుల్తో ఇసక తోడాం. ఎక్కణ్ణుంచి వచ్చాడో ఒక కుర్రాడు వచ్చాడు. దుమేలాలన్నీ ఓపిగ్గా అయ్యాక నాలుగు టైర్లలోనూ గాలి సగం తీసేసి, స్టీరింగు దగ్గర తనే కూర్చుని ఒక్క ఊపులో బయటికి లాగేశాడు. యాభై పులాలు ఇవ్వబోతే తీసుకోలేదు, మగ్విన్యాలు మాత్రం తీసుకున్నాడు.

వీళ్ళ దోనె పేరు మొకోరో. ఒకప్పుడు ఒంటి మానుని తొలిచి చేసేవారు. ఒక పడవ కోసం వందేళ్ళ చెట్టు పోతోందని ఇప్పుడు ఫైబరువి వాడుతున్నారు. ఆకారం మాత్రం మార్చలేదు. మా తాతగారి కాలంలో కొల్లేట్లో తాటి మొద్దు తొలిచి చేసిన దోనెలు ఉండేవి. కూర్చోగానే నడుము కింద అదే ఊగుడు. గెడ వేసే మనిషి వెనక నిలబడతారు. మా గెడ ఒక నలభై ఏళ్ళావిడ చేతిలో ఉంది. ఆ ఊళ్ళవాళ్ళు ట్రస్టుగా ఏర్పడి వంతులవారీగా ఈ పని చేసుకుంటారు. మనిషిని మనం ఎంచుకోవడం ఉండదు, ఎవరి వంతు వస్తే వాళ్ళే.

నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అడుగున ఇసక రేణువులు లెక్కపెట్టొచ్చు. పైన ఎక్కడో పాపిరస్ తుంగ వడగట్టి పంపిన నీళ్ళు. ఆవిడ గెడ ఆపి, దోసిట్లో ముంచుకుని తాగింది. నేనూ తాగాను. కొల్లేటి నీళ్ళు దోసిట్లో తాగిన మనిషి మా ఇంట్లో ఆఖరు మా నాయనమ్మ.

దారిలో ఆవిడ ఒక కలువని తూడుతో సహా లాగింది. తూడుని ఒకసారి ఇటు విరిచి పీచు లాగింది, ఒకసారి అటు విరిచి పీచు లాగింది. పీచుకి ముత్యాల్లా ముక్కలు వేలాడాయి. రెండు కొసలూ ముడేసి అక్క మెడలో వేసింది, పువ్వు గుండెల మీదికి వచ్చేలా. అక్క ఒక్క నిమిషం మాట్లాడలేదు. తర్వాత తనూ ఒక కలువ లాగి, చకచకా విరిచి, అచ్చం అలాంటిదే చేసి ఆవిడ మెడలో వేసింది. ఇద్దరూ పడవ ఒరిగేలా నవ్వారు. ఆకివీడు కాలవగట్టు మీద ఆడపిల్లలు చేసుకునే దండ అది! ఈవిడకి ఎవరు నేర్పారు అని మాకు వింత, మాకెవరు నేర్పారు అని ఆవిడకి వింత.

ఒక మలుపులో ఆవిడ గెడ అడ్డం పెట్టి ఆగిపోయింది. ముందు నీళ్ళలో రెండు చెవులు, రెండు కళ్ళు. నీటి ఏనుగు. పావుగంట కదల్లేదు మేం. అది మునిగాక దారి మార్చి తీసుకెళ్ళింది. "ఈ కాలవలు తవ్వింది వాళ్ళే, వాళ్ళకి దారివ్వాలి" అంది. నిజమే, నీటి ఏనుగులు రోజూ తిరిగే దారులే తుంగ పూడిపోకుండా పాయలుగా నిలుస్తాయి.

మధ్యాహ్నం ఒక లంకలో దిగాం. ఈ లంకలు చాలావరకు చెదపుట్టతో మొదలవుతాయట. వరదలో మునగని పుట్ట మీద పిట్టలు గింజలు రాలుస్తాయి, చెట్టు లేస్తుంది, చెట్టు చుట్టూ మట్టి చేరుతుంది. అంచుల్లో మర్రి జాతి చెట్లు, ఈతలు దట్టంగా ఉన్నాయి. నడిమధ్యకి వెళ్తే మాత్రం బోడి నేల, మీద తెల్లటి పొర. ఆవిడ చిటికెడు తీసి నాలిక మీద వేసుకోమంది. చౌడు! సబ్బులు రాకముందు మనవాళ్ళు బట్టలుతుక్కున్న చౌడు రుచి.

ఈ చౌడే ఒకవాంగోని బతికిస్తోందని ఆ తర్వాత బావగారు లెక్కగా చెప్పారు, ఆయనకి ఏదైనా జమాఖర్చులే. వచ్చిన నీటిలో నూటికి తొంభై ఐదు పాళ్ళకి పైనే గాల్లోకి పోతుంది. నీళ్ళు పోతే ఉప్పు మిగలాలి. ఏటా లక్షల టన్నులు కరిగి వస్తోంది. ఈపాటికి ఇది ఉప్పు కయ్య అయిపోవాలి. కానీ లంకల అంచున్న చెట్లు నీళ్ళు తాగుతూ ఉప్పుని లంక కిందికి లాక్కుంటాయి. అది నడిబొడ్డున పేరుకుంటుంది. మధ్య చెట్లు చస్తాయి, చుట్టూ నీళ్ళు తియ్యగా ఉంటాయి. చెట్లు కొట్టేస్తే నీళ్ళు చెడతాయన్నమాట.

జూలై 13, మళ్ళీ మౌన్

ఈ రోజు ఏ జంతువునీ చూడలేదు. ఎక్కువ గుర్తున్నది మాత్రం ఈ రోజే.

బావగారికి తెలిసిన ఒక పెద్దాయన మమ్మల్ని క్గోట్లా చూపించడానికి తీసుకెళ్ళారు. మన రచ్చబండ లాంటిది. నెలవంకలా పాతిన కర్రల దడి, చెట్టు నీడ. లోపలికి వెళ్ళేముందు టోపీ తీసెయ్యమన్నారు. అక్క ప్యాంటు మీద ఉందని బండిలోంచి ఒక గుడ్డ తెచ్చి చుట్టుకోమన్నారు. అక్క గొణుక్కుంటూనే చుట్టుకుంది.

1991 జనవరిలో ఇక్కడే పెద్ద సభ జరిగింది. డెల్టా కింది కొసన బోరో పాయని యంత్రాలతో లోతు చేసి, తిన్నగా తవ్వి, నీళ్ళని జలాశయాలకి మళ్ళిద్దామని ప్రభుత్వం పథకం వేసింది. కొంత మౌన్ తాగునీటికి, కొంత సాగుకి, కొంత ఒరాపా వజ్రాల గనికి. చెడ్డ ఉద్దేశంతో వేసిన పథకమేం కాదు. కరువు చూసిన దేశం, వజ్రాల మీద నిలబడ్డ దేశం. యంత్రాలు వచ్చే వేళకి జనం ఇక్కడ కూడి, మంత్రి ఎదట గంటల తరబడి ఒక్కొక్కరే లేచి వద్దన్నారు. పథకం ఆగింది. తర్వాత అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం వాళ్ళొచ్చి పరిశీలించి, దీనివల్ల లాభం కన్నా నష్టమే ఎక్కువని తేల్చారు. దాంతో మూలపడింది.

"అందరూ చదువుకున్నవాళ్ళేనా?" అని అడిగాను. బుద్ధి తక్కువ ప్రశ్న. ఆయన నవ్వి ఒక సామెత చెప్పారు: "మ్ముఅలెబె ఓ బుఆ లా గాగ్వే". తప్పు మాట్లాడేవాడికైనా తన మాట తను చెప్పుకునే హక్కుంది అని. "చేపలు పట్టేవాళ్ళు మాట్లాడారు. మేకలు కాసేవాళ్ళు మాట్లాడారు. నీళ్ళు వంకరగా నడిస్తేనే ఆగుతాయని వాళ్ళకి తెలుసు" అన్నారు.

అప్పుడాయన మా చెరువు సంగతి అడిగారు. చెప్పాను. కొల్లేరు 2002లో చిత్తడి నేలల్ని కాపాడే అంతర్జాతీయ రామ్‌సర్ జాబితాకెక్కిందని (ఒకవాంగో దానికి కొన్నేళ్ళ ముందే ఎక్కింది), అప్పటికే సగం చేపల చెరువులైపోయిందని, 2006లో గట్లు తెగ్గొట్టారని. మా మేనమామ చెరువు గట్టు కూడా ఆ రోజుల్లోనే తెగిందని.

ఆయన అంతా విని, "గట్లు తెంచిన రోజు సంగతి చెప్పావు. గట్లు వేసిన రోజు వద్దన్నవాళ్ళెవరూ లేరా?" అన్నారు.

నేనేం చెప్పను? గట్టు వేసిన రోజు మా మామయ్య కొబ్బరికాయ కొట్టాడు. మా ఇంట్లో అందరికీ బట్టలు పెట్టాడు. నాకు వచ్చిన చొక్కా ఆకుపచ్చది.

భోజనం ఆయన ఇంట్లోనే. జొన్న సంకటి, దాని పేరు బొగోబే. అలసంద ఆకుల కూర. త్స్వీ అని ఒకటి పెట్టారు, కలువ దుంపలని గొడ్డు మాంసంతో కలిపి మెత్తగా ఉడికించింది. ఒకవాంగో దగ్గరే దొరుకుతుంది. అక్క మాంసం తినదు, ఆవిడ కోసం పెద్దాయన కోడలు దుంపల్ని విడిగా ఉడికించి పెట్టింది. రంగు నల్లటిది, రుచి చామదుంపకీ పొగకీ మధ్య. నాకు నచ్చింది, మొహమాటానికి కాదు.

తింటూ ఆయన ఇంకో వైపు కూడా చెప్పారు. ఈ దేశంలో 2022 లెక్కల్లో మనుషులు పాతిక లక్షలు లేరు, ఏనుగులు లక్షా ముప్ఫై వేలు. "మీరు ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. మా చెల్లెలి జొన్న చేను ఒక్క రాత్రిలో పోయింది" అన్నారు. వేటని 2014లో నిషేధించి 2019లో మళ్ళీ తెరిచింది ఈ గొడవ మీదే. కొన్ని ఊళ్ళలో పేడలో మిరపపొడి కలిపి ఇటుకలు చేసి, చేను గట్టున తగలబెడతారట. ఆ ఘాటుకి ఏనుగు పక్కకి పోతుంది. "మిరపకాయలు కావాలంటే మా గుంటూరుంది" అన్నారు బావగారు. పెద్దాయనకి గుంటూరేమిటో చెప్పేసరికి సంకటి చల్లారిపోయింది.

జూలై 14–16, మొరేమి అభయారణ్యం

జంతువుల గురించి అందరూ రాస్తారు కాబట్టి పొదుపుగా రాస్తాను. లేచ్వే అనే ఎర్ర జింకలు మోకాలి లోతు నీళ్ళలో పరిగెడితే వచ్చే చప్పుడు, ఎవరో వంద మంది ఒకేసారి బట్టలు బండకేసి బాదినట్టుంటుంది. రాత్రి డేరా పక్కనే ఏనుగు కొమ్మ విరిస్తే అక్క ఆంజనేయ దండకం మొదలుపెట్టింది. సగంలో ఉండగా ఏనుగు వెళ్ళిపోయింది, ఆ ఘనత ఎవరిదో తేలలేదు.

మొరేమి ప్రత్యేకత అది ఎలా పుట్టిందన్నది. 1963లో, దేశానికి స్వాతంత్ర్యం రాకముందే, బతవానా తెగవాళ్ళు వేట మితిమీరిపోతోందని తమ నేలనే తాము రక్షిత ప్రాంతంగా విడిచిపెట్టారు. అప్పుడు తెగ బాధ్యతలు చూస్తున్నది పూలానే మొరేమి అనే రాణి. ఈ కథ గైడ్లందరూ చెబుతారు. ఆ గీత లోపల బతుకుతున్న బుష్‌మన్ ఆదివాసీ కుటుంబాలు ఊళ్ళు ఖాళీ చేసి బయటికి పోవాల్సి వచ్చిందని మాత్రం అడిగితే తప్ప చెప్పరు. వాళ్ళు చేరిన ఖ్వాయి ఊరు ఉత్తరం గేటు అవతలే ఉంది. ఆ ఊరి బడ్డీలో టీ తాగాం.

మూడో రోజు దారి నీళ్ళలోకి వెళ్ళిపోయింది. మ్యాపులో ఉన్న బాట మీద కలువలు పూసున్నాయి. నలభై కిలోమీటర్లు వెనక్కి తిరిగి చుట్టూ వచ్చాం. ఖర్చు సంగతి చెప్పాలంటే, ఈ దేశం కావాలనే తక్కువమందిని, ఎక్కువ ధరకి రానిస్తుంది. లోపలున్న లాడ్జీల్లో ఒక రాత్రి డబ్బుతో ఆకివీడులో ఆరు నెలలు బతకొచ్చు. మేం డేరా వేసుకున్నాం కాబట్టి గట్టెక్కాం. నీటికి మంచిదే కావచ్చు, కానీ విమానంలో వచ్చి దిగే తెల్ల టూరిస్టు చూసినంత ఒకవాంగోని మౌన్ బడ్డీ ఆవిడ చూసి ఉండదు. అది నాకు మింగుడుపడలేదు.

తిరిగొచ్చేదారిలో దున్నపోతుల కంచె తగిలింది. 1982లో వేశారు. అడవి దున్నల నుంచి పశువులకి గాలికుంటు సోకకుండా. ఐరోపా వీళ్ళ గొడ్డు మాంసం కొంటుంది, రోగం వస్తే కొనదు. గేటు దగ్గర బూట్లతో మందునీళ్ళ గోనెపట్టా తొక్కాలి, బండి కూడా మందునీళ్ళ గుంటలోంచి పోవాలి. పచ్చి మాంసం ఉంటే అక్కడే వదిలెయ్యాలి. అక్క నా కోసం ప్రత్యేకంగా పెట్టిన మటన్ పచ్చడి సీసా ఆఫీసరు చేతికి చిక్కింది. మూత తీసి వాసన చూశాడు. తుమ్మాడు. మళ్ళీ చూశాడు. "వండిందా?" అన్నాడు. "నూనెలో వేగి రెండు వారాలు ఊరింది" అంది అక్క. వేలితో ఒక ముక్క తీసి నోట్లో వేసుకుని, కళ్ళు తుడుచుకుంటూ గేటెత్తాడు. "ఇందులో ఏ రోగమూ బతకదు" అన్నాడు.

ఈ కంచె పుణ్యమా అని పశువుల మందలు డెల్టాలోకి పోలేదు, పచ్చిక మిగిలింది. కలహారిలో ఇంకో పక్క ఇలాంటి కంచెల దగ్గరే 1980ల కరువులో నీళ్ళకోసం వచ్చిన వైల్డ్‌బీస్టులు వేలల్లో చచ్చాయి. కంచె ఒకటే, ఏ పక్కన నిలబడ్డామన్నదే తేడా.

జూలై 17, బొటేటి

ఆఖరి రోజు బావగారు మౌన్‌కి తూర్పుగా తీసుకెళ్ళారు. తమలకానే నుంచి మిగిలిన కాసిని నీళ్ళు బొటేటి అనే ఏట్లోకి మళ్ళుతాయి. ఈ ఏరు 1990ల మొదట్లో ఎండిపోయి, మళ్ళీ 2009 దాకా పారలేదు. బడికెళ్ళే పిల్లలు ఏరు చూడకుండానే పెద్దవాళ్ళయిపోయారు.

దారిలో బావగారు తన భయం చెప్పారు. ఒకవాంగో 2014లో ప్రపంచ వారసత్వ జాబితాలో వెయ్యో పేరుగా చేరింది, కానీ ఆ గీత గీసింది బోట్స్‌వానాలో. నీళ్ళు పుట్టేది అంగోలాలో. అక్కడ 2002 దాకా సాగిన యుద్ధం, నేలలో మిగిలిన మందుపాతరలు ఇన్నాళ్ళూ ఎవర్నీ అటు పోనివ్వలేదు. ఇప్పుడు ఆ ఊళ్ళకీ పొలాలు కావాలి, కరెంటు కావాలి. నమీబియా వైపు 2021లో చమురు కోసం బావులు తవ్వడం మొదలైంది. మూడు దేశాలూ కలిసి 1994లో ఒక కమిషన్ పెట్టుకున్నాయి, మాట్లాడుకుంటూనే ఉన్నాయి. "పై వాడికి చేను వద్దని కింది వాడు ఏ మొహంతో చెబుతాడయ్యా?" అన్నారు. కృష్ణా నీళ్ళ గొడవల మధ్య పెరిగినవాణ్ణి, నాకూ తోచలేదు.

ఏట్లో దిగి ఇసకలో నడిచాం. ఒక మలుపు దాటాక కనపడింది. నీటి మొన. నేను అలలా వస్తుందనుకున్నాను. బారెడు వెడల్పు గోధుమరంగు నాలిక, ముందు ఎండుటాకులూ నురగా పేడకడ్డీలూ తోసుకుంటూ, అంగుళం అంగుళం జరుగుతోంది. ఇసక దాన్ని గుటకలు వేస్తూ తాగేస్తోంది, తాగిన చోటల్లా బుడగలు. బొరియల్లోంచి పురుగులు బయటపడి పరిగెడుతున్నాయి. నాలుగు కొంగలు మొన వెంబడే, పెళ్ళి పందిట్లో వడ్డనకి కూర్చున్నట్టు, తొందర లేకుండా ఏరుకు తింటున్నాయి.

ఒక ఎనిమిదేళ్ళ పిల్లాడు మొనకి రెండడుగుల ముందు ఎండుపుల్ల గుచ్చి గొంతుక్కూర్చున్నాడు. "దుమేలా ర్రా" అన్నాను, ఈసారి మర్చిపోకుండా. వాడూ అన్నాడు, రెండో చెయ్యి మోచేతికి ఆనించి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. మేమూ పక్కనే కూర్చున్నాం. అక్క కూడా, గుడ్డ చుట్టుకునే. ఇరవై నిమిషాలు పట్టింది. నీళ్ళు పుల్ల దాకా వచ్చి, ఆగినట్టే ఆగి, రెండు పక్కల నుంచీ చుట్టేశాయి.

వాడు లేచి, ఆ పుల్ల పీకి, తడి దులిపి, ఇంకో రెండడుగులు ముందుకెళ్ళి గుచ్చాడు.